రాయపురం మేడ మీద ఒక దుర్భిణి



నేను కొన్న మొదటి టెలిస్కోపు అట్టపెట్టె మీద 525 రెట్లు అని పెద్ద అక్షరాలతో అచ్చువేసి ఉంది. పక్కనే ఉంగరంతో సహా శనిగ్రహం, నిండు రంగుల్లో. నిజం చెప్పాలంటే ఆ అంకె చూసే కొన్నాను. పెట్టె చంకన పెట్టుకుని, మద్రాసు రాయపురంలో మేమున్న ఇంటి మూడంతస్తుల మెట్లూ ఆగకుండా ఎక్కేశాను. మేడ మీద బిగించాను. ఆ సాయంత్రమే చంద్రుడు దొరికాడు కూడా. దొరికాడనడం కన్నా కనబడి పారిపోయాడనాలి. చెయ్యి తగిలితే ఊగుతాడు, చెయ్యి తీస్తే ఊగుతాడు, గాలి వీస్తే వణుకుతాడు. కింద రోడ్డు మీద హార్బరుకు పోయే కంటైనరు లారీ వెళ్లిందంటే చంద్రమండలంలో భూకంపమే. మా ఆవిడ బట్టలు తీయడానికి పైకి వచ్చి, ఒక కన్ను మూసుకుని చూసి, "ఏమండీ, దీనికన్నా బకెట్లో చంద్రుడే నయం, కాస్త నిలబడతాడు" అంది.

తను అన్నదాంట్లో ఉన్న శాస్త్రం నాకు అర్థం కావడానికి ఏడాది పట్టింది. ఈ రోజు మీతో చెప్పదలుచుకున్నదీ అదే. మొదటి టెలిస్కోపు కొనేవాళ్లు గొట్టాన్ని చూస్తారు, అద్దాన్ని చూస్తారు, పెట్టె మీద అంకెను చూస్తారు. కాళ్లను చూడరు. టెలిస్కోపుకు ముందు చూడాల్సింది కాళ్లు.

ఆ 525 ఎక్కడిదో చెప్తాను, లెక్క చాలా చిన్నది. ముందున్న కటకం వెలుగును ఎంత దూరంలో ఒకచోటికి చేరుస్తుందో, ఆ దూరాన్ని మనం కన్ను పెట్టే ఐపీసు అంకెతో భాగించాలి. నాది 700 మిల్లీమీటర్ల గొట్టం, 4 మిల్లీమీటర్ల ఐపీసు. 175 వచ్చింది. మధ్యలో మూడు రెట్లు పెంచే ఇంకో కటకం తగిలిస్తే 525. లెక్కలో అబద్ధం లేదు. కాని నా కటకం వెడల్పు 60 మిల్లీమీటర్లే. మిల్లీమీటరుకు రెండు రెట్ల చొప్పున, మహా అయితే 120 రెట్ల వరకే అది పనికొస్తుంది. ఆపైన పెంచుతూ పోతే పిండి తక్కువైన పులుసులో నీళ్లు పోసినట్టే. పెద్దగా కనిపిస్తుంది, ఏమీ కనిపించదు. పైగా 525 రెట్ల దగ్గర మన కంటికి అందే ఆకాశం ముక్క ఎంత చిన్నదంటే, భూమి తిరుగుతోంది కదా, అందులో పెట్టిన చుక్క అర నిమిషం తిరక్కుండానే పక్కకు జారిపోతుంది. దాని వెంట గొట్టం జరపాలి. జరిపితే ఊగుతుంది. ఊగడం ఆగేలోపు చుక్క మళ్లీ వెళ్లిపోతుంది. ఇదీ నా మొదటి ఏడాది ఖగోళశాస్త్రం.

కాళ్ల సంగతి నాకు నేర్పింది ఒక రాయి. ఎక్కడో లేదు, నుంగంబాక్కం కాలేజీ రోడ్డులో, వాతావరణ శాఖ వారి ఆవరణలో ఉంది. వాన వస్తుందో రాదో మనకు టీవీలో చెప్పేది అక్కడినుంచే. 1786లో విలియం పెట్రీ అనే ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఎగ్మూరులో తన ఇంట్లోనే సొంత దుర్భిణులు పెట్టుకుని నక్షత్రాలు చూడడం మొదలుపెట్టాడు. మన భాషలో చెప్పాలంటే సరదా కొద్దీ చూసినవాడే. తర్వాత అది కంపెనీ చేతికి వచ్చి, మైకేల్ టాపింగ్ గీసిన నమూనాతో 1792లో నుంగంబాక్కంలో మద్రాసు అబ్జర్వేటరీగా లేచింది. అందులో ముఖ్యమైన దుర్భిణిని నిలబెట్టడానికి వాళ్లు చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? పది టన్నుల గ్రానైటు స్తంభం పాతారు. దుర్భిణి చిన్నది. స్తంభం ఏనుగంత. భవనం పోయింది, పనిముట్లు పోయాయి, స్తంభం మిగిలింది. దాని మీద తమిళంతో పాటు మన తెలుగు కూడా చెక్కి ఉంది. వెయ్యేళ్ల తర్వాత వచ్చేవాళ్లకు కూడా ఈ చోటు సంగతి తెలియాలని. తెల్లదొరల గొప్ప చెప్పుకోవడమే అందులో సారాంశం, అది వేరే విషయం. నాకు మాత్రం దాన్ని చూసినప్పుడు తట్టింది ఒక్కటే: రెండు వందల ఏళ్ల క్రితమే వీళ్లకు తెలిసింది నాకు తెలియక డబ్బు పోగొట్టుకున్నాను.

ఆ స్తంభం మీది దుర్భిణి అన్ని వైపులా తిరిగేది కాదు. ఉత్తరం నుంచి నడినెత్తి మీదుగా దక్షిణానికి ఒక్క గీత మీదే పైకీ కిందికీ కదిలేది. రాత్రంతా దాని దగ్గర కూర్చుని, ఏ చుక్క ఆ గీతను ఎప్పుడు దాటిందో గడియారం చూసి రాసుకునేవారు. అదేం పని అనుకోవచ్చు. ఊరికి టైము చెప్పింది అదే. మా రాయపురం స్టేషను నుంచి 1856 జూలై 1న ఆర్కాటు వైపు మొదటి రైలు బయల్దేరింది. దక్షిణాదిలో మొదటి ప్రయాణికుల రైలు అదే. ఆ తర్వాతి రోజుల్లో ఒక్కో ఊరికీ ఒక్కో టైము ఉంటే రైళ్లు నడవవు కదా, అందుకని దేశంలో చాలా రైళ్లు మద్రాసు టైము ప్రకారం నడిచాయి. 1906లో ఇప్పటి మన ప్రామాణిక సమయం వచ్చేదాకా అదే. అంటే మా స్టేషను గడియారం ముల్లు నుంగంబాక్కంలో ఆ రాతి మీద నిలిచిన దుర్భిణిని నమ్ముకుని తిరిగిందన్నమాట.

ఆ దుర్భిణుల దగ్గర పని నేర్చుకోవడానికి విశాఖపట్నం నుంచి ఒక జమీందారీ కుర్రాడు మద్రాసు వచ్చాడు. పేరు గోడే వెంకట జగ్గారావు. అప్పటి అబ్జర్వేటరీ అధికారి టేలర్ దగ్గర శిక్షణ పొంది, తిరిగి వెళ్లి, 1840 ప్రాంతంలో విశాఖ డాబా గార్డెన్స్‌లో సొంత డబ్బుతో వేధశాల కట్టుకున్నాడు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపించాడు. 1874 డిసెంబరు 9న సూర్యబింబం మీద శుక్రుడు నల్లచుక్కలా నడిచి వెళ్లడాన్ని అక్కడినుంచి చూసి లెక్కలు పంపాడు. ఇక్కడ మద్రాసులోనే చింతామణి రఘునాథాచారి మామూలు సహాయకుడిగా చేరి పైకి వచ్చి, 1867లో వెలుగు మారే ఒక కొత్త నక్షత్రాన్ని పట్టుకున్నాడు. ఇంగ్లండు రాజ ఖగోళ సంఘంలో సభ్యులైన తొలి భారతీయుల్లో ఆయన ఒకడు, 1872లో. మనవాళ్లకు ఆకాశం అంటే జాతకమే అనేవాళ్లకు ఈ మూడు పేర్లు చెప్తుంటాను. వాళ్లు నవ్వి మళ్లీ జాతకమే అడుగుతారు.

సరే, మేడ మీదికి వద్దాం. ముందు చూడాల్సింది కాళ్లు అన్నాను కదా. రెండోసారి నిజానికి కాళ్లే లేనిది కొన్నాను. చెక్కపెట్టెలో కూర్చునేది. పెట్టె అడుగున గుండ్రటి పలక మీద కుడిఎడమలకు తిరుగుతుంది, పెట్టె చెంపల మధ్య గొట్టం పైకీ కిందికీ ఊగుతుంది, అంతే. మర లేదు, మోటారు లేదు, కరెంటు లేదు. తిరగలి గుర్తుందా మీకు? దాదాపు అదే. వేలితో తోస్తే కదులుతుంది, వేలు తీస్తే ఎక్కడిదక్కడ ఆగుతుంది.

ఈ చెక్కపెట్టె కనిపెట్టిన ఆయన కథ కూడా మనకు పరాయిది కాదు. జాన్ డాబ్సన్, 1915లో బీజింగులో పుట్టిన అమెరికన్. 1944లో శాన్‌ఫ్రాన్సిస్కోలో వేదాంత సమితి మఠంలో చేరి రామకృష్ణ సంప్రదాయంలో సన్యాస జీవితం మొదలుపెట్టాడు. చేతిలో కానీ లేదు. ఓడల కిటికీలకు వేసే మందపాటి గుండ్రటి అద్దాలు సంపాదించి, వాటిని ఇసుకతో అరగదీసి దుర్భిణి అద్దాలు చేశాడు. అట్టగొట్టం, ప్లైవుడ్ పెట్టె. వాటిని వీధిలోకి తోసుకెళ్లి దారిన పోయేవాళ్లకు శనిని చూపించేవాడు. మఠంలో ఉండాల్సిన స్వామి అస్తమానం వీధిలో ఉంటాడని 1967లో ఆయన్ని మఠం నుంచి పంపేశారు. మరుసటి ఏడాదే స్నేహితులతో కలిసి పేవ్‌మెంటు మీద ఆకాశం చూపించే సంఘం పెట్టాడు. తొంభై ఎనిమిదేళ్లు బతికాడు. ఓడ కిటికీ అద్దాలు అనేసరికి హార్బరు పక్కన ఉండేవాణ్ణి కాబట్టి నాకు మరీ ముచ్చటగా ఉంటుంది.

నా పెట్టెది 114 మిల్లీమీటర్ల అద్దం. చీకట్లో మన కంటిపాప తెరుచుకునేది ఏడు మిల్లీమీటర్లు. వైశాల్యం లెక్కన ఆ అద్దం నా కన్నుకన్నా సుమారు 265 రెట్లు వెలుగు పోగుచేస్తుంది. పెట్టె మీద అచ్చు వేయాల్సిన అంకె ఇదీ. ఎవరూ వేయరు. ఖరీదు ఒక మాదిరి సెల్‌ఫోనంత. అది కూడా ఎక్కువనుకుంటే 10×50 బైనాక్యులరు కొనండి, పిట్టగోడకు మోచేతులు ఆనించి చూడండి. ఆ పిట్టగోడే మీ పది టన్నుల స్తంభం.

ఇంక గురి. దుర్భిణి పక్కన చిన్న గొట్టం ఒకటి ఉంటుంది, ఫైండరు అంటారు. పెద్ద గొట్టం, చిన్న గొట్టం రెండూ ఒకేవైపు చూసేట్టు పగలే సరిచేసుకోవాలి. రాత్రి చేద్దామనుకుంటే చుక్కలు జరిగిపోతుంటాయి, మీకు ఏడుపొస్తుంది. నేను సరిచేసుకునేది మా సెయింట్ పీటర్స్ చర్చి శిఖరం మీది శిలువతో. పీటరును తమిళ క్రైస్తవులు రాయప్పర్ అంటారు, మా రాయపురం పేరు ఆయనదే. ఆయన బెస్తవాడు, కాసిమేడు చేపల రేవు పక్కన ఇంకెవరుంటారు. అయితే ఈ దుర్భిణుల్లో బొమ్మ తలకిందులుగా పడుతుంది. మొదటిసారి ఫైండరులో శిలువ తలకిందులుగా కనబడేసరికి, పక్కింటి క్రైస్తవ పెద్దాయన ఏమనుకుంటాడోనని మొహమాటపడ్డాను. ఆయన చూసి నవ్వాడు. "రాయప్పర్‌ని తలకిందులుగానే కదా శిలువ వేసింది, ఆయన గుర్తే అది" అన్నాడు. అప్పటినుంచి నాకు ఆ ఫైండరు మీద గౌరవం పెరిగింది.

మొదట ఏం చూడాలి? చంద్రుణ్ణి. ఎప్పుడు చూడాలి అన్నదానికి మీ ఇంట్లో గోడకు వేలాడే పంచాంగం క్యాలెండరు చాలు, ఏ యాపూ అక్కర్లేదు. అందరూ పున్నమినాడు పిలుస్తారు, చూపించమని. పున్నమి చంద్రుడంత నిస్సారమైన చంద్రుడు ఇంకొకడు లేడు. సూర్యుడు నిట్టనిలువుగా కొడుతుంటాడు, నీడలుండవు, సున్నం కొట్టిన గోడలా కళ్లు చెదురుతాయి. శుక్ల తదియ నాడు చూడండి: సన్నటి వంక పక్కన మిగతా చంద్రుడు కూడా బూడిదరంగులో లీలగా ఉంటాడు. అది మన భూమి మీద పడి అక్కడికి వెళ్లిన ఎండ. షష్ఠి నాడు వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గర థియోఫిలస్, సిరిల్లస్, కేథరీనా అని మూడు గోతులు గొలుసుగా ఉంటాయి. అష్టమి, నవమి రోజుల్లో ఆ గీత సరిగ్గా నడిమికి వచ్చి, పెద్ద పెద్ద గోతులు నీడలు నింపుకుని నూతుల్లా కనిపిస్తాయి. దశమి నాడు కోపర్నికస్. 93 కిలోమీటర్ల వెడల్పున్న గొయ్యి, లోపలి అంచులు మెట్లు మెట్లుగా, నడుమ చిన్న కొండలు. ఆ రోజు అక్కడ సూర్యోదయం. ఒక గంట ఓపిగ్గా కూర్చుంటే చీకట్లో ఒక కొండ కొన మీద ఎండ పడి చుక్కలా వెలగడం మీ కళ్ల ముందే జరుగుతుంది. ఎక్కువ రెట్లు పెట్టకండి. నాకు 36 రెట్లతో చంద్రుడు నిండుగా పడతాడు, 90 రెట్లతో గోతులు చాలు.

గురుగ్రహం పక్కన నాలుగు చుక్కలు ఒకే వరసలో ఉంటాయి. 1610 జనవరిలో గెలీలియో చూసినవి అవే. ఆయన దుర్భిణి మీరు కొనబోయే దానికన్నా చాలా నాసి. రోజూ ఒక గీత గీసి ఆ రోజు చుక్కలు ఎటు ఎన్ని ఉన్నాయో పెన్సిలుతో పెట్టండి. వారం తిరిగేసరికి అవి గురుడి చుట్టూ తిరుగుతున్నాయని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. మా కింది ఇంటి అమ్మాయి ఏడో తరగతిలో ఉండగా రూళ్ల నోటుబుక్కులో ఇరవై రోజులు అలా పెట్టింది. ఒకనాడు పరుగున వచ్చి, "తాతయ్యా, ఇవాళ మూడే ఉన్నాయి, ఒకటి పోయింది" అంది. పోలేదమ్మా, వెనక్కి వెళ్లింది అన్నాను. "రేపు వస్తుందా?" అంది. వచ్చింది. ఆ పుస్తకం వాళ్లింట్లో ఇంకా ఉంది. శని ఉంగరం చూపించమని అడిగేవాళ్లకు ఒక మాట: 2025లో ఉంగరం మనవైపు అంచు తిప్పి సన్నటి గీతలా అయిపోయింది. అక్కడినుంచి ఏడాదికేడాది మళ్లీ విచ్చుకుంటుంది. చిన్నదే, మినపగింజంత. కాని నిజంది.

శుక్రుడి సంగతి కూడా చెప్పాలి. మా ఇంటి కిందిభాగంలో కాసిమేడు పడవల మీద వేటకు పోయే ఒక పెద్దాయన ఉండేవాడు, నెల్లూరు తీరం నుంచి వచ్చి స్థిరపడ్డవాడు. తమిళంలో మీన్ అంటే చేపా, చుక్కా రెండూను. ఆయనకు రెండూ వచ్చు. ఒక తెల్లారుజామున నేను మేడ మీద ఉండగా బీడీ వెలిగించుకోవడానికి పైకి వచ్చాడు. తూర్పున సముద్రం మీద వేగుచుక్క ధగధగలాడుతోంది. చూడమన్నాను. కన్ను పెట్టాడు. తల ఎత్తి ఆకాశం కేసి చూశాడు, మళ్లీ కన్ను పెట్టాడు.

"ఏంది సామీ, వేగుచుక్క చూపిస్తానని నెలవంక చూపిస్తన్నావు?"

"నెల ఎక్కడుంది అన్నా, ఇవాళ ఆకాశంలో?"

ఆయన ఒక తూరి ఆకాశమంతా కలియజూశాడు. చంద్రుడు లేడు. గొట్టం చివరికి వెళ్లి దానికేమైనా అంటించానేమోనని వేలితో తడిమాడు కూడా. శుక్రుడికీ చంద్రుడిలాగే వృద్ధి క్షయాలుంటాయి, అప్పుడు సగానికి ఉన్నాడు. యాభై ఏళ్లుగా ఆ చుక్కను చూసుకుని ఒడ్డుకు చేరినవాడు, దాని ఆకారం ఆ రోజు చూశాడు. బీడీ ఆరిపోయింది. "ఇన్నాళ్లు నాకు చెప్పలేదే" అన్నాడు. నన్నో, శుక్రుణ్ణో నాకు తెలియదు.

ఇప్పుడు నిరాశపెట్టే మాటలు కొన్ని. పట్నంలో చుక్కలు పోయాయి. హార్బరులో క్రేన్ల మీద దీపాలు తెల్లవార్లూ వెలుగుతాయి. చుక్కల వెలుగును అంతస్తులుగా లెక్కించే పద్ధతిని 1856లో, అంటే మా స్టేషను పుట్టిన ఏడే, నార్మన్ పాగ్సన్ స్థిరపరిచాడు. మొదటి అంతస్తు చుక్క ఆరో అంతస్తు దానికన్నా వందరెట్లు వెలుగు. ఆ పాగ్సనే 1861లో మన అబ్జర్వేటరీకి వచ్చి, 1891లో పోయేదాకా మద్రాసులోనే ఉన్నాడు. ఆయన రోజుల్లో ఈ ఊళ్లో ఆరో అంతస్తు చుక్క మామూలు కంటికి కనబడి ఉంటుంది. నాకు రాయపురంలో మూడో అంతస్తు దాటడం కష్టం. తుపాను వచ్చి కరెంటు పోయి, మబ్బు తేలిపోయిన ఒక రాత్రి మాత్రం వీధిలో జనమంతా తలెత్తి నిలబడ్డారు. పిల్లలకోడి చుక్కలు లెక్కపెట్టుకున్నారు. కరెంటు రాగానే అందరూ హమ్మయ్య అని లోపలికి వెళ్లారు, నేనూ వెళ్లాను, ఫోను చార్జింగు పెట్టాలి కదా.

అందుకని మృగశిర దగ్గరి వెలుగుమబ్బునో ఇంకో నక్షత్రమండలాన్నో ఫొటోలో చూసినట్టు ఎర్రగా, నీలంగా చూస్తామనుకోవద్దు. కంట్లో మసకవెలుతురు పట్టే కణాలకు రంగు తెలియదు. బూడిద పొగలా కనబడుతుంది. కొత్తవాళ్లు సగంమంది ఇక్కడే దుర్భిణి అటకెక్కిస్తారు. ఏడాదికి రెండుసార్లు ఊరు దాటండి. ఉత్తరానికి తడ, సూళ్లూరుపేట దాటి ఏ చుట్టాలింటి డాబానో చూసుకోండి. లేదా జవ్వాది కొండల్లో కావలూరు వెళ్లండి. మద్రాసులోనే పుట్టి, తండ్రి పనిచేసిన హైదరాబాదు నిజామియా వేధశాలలో దుర్భిణులు చూస్తూ పెరిగిన వేణు బాపు అక్కడ వేధశాలను నెలకొల్పాడు. రెండుంపావు మీటర్లు దాటిన అద్దంతో ఆయన పేరిట టెలిస్కోపు ఉంది.

పట్నంలో ఉన్నంతలో మనకు దక్కిన భాగ్యం దక్షిణాకాశం. మనం పదమూడో అక్షాంశం మీద ఉన్నాం. ధ్రువుడు ఉత్తరాన పదమూడు డిగ్రీల ఎత్తులోనే, ఎవరింటి వాటరు ట్యాంకు వెనకో ఉంటాడు. కాని లండను వాడు జన్మలో తన ఊరినుంచి చూడలేని అగస్త్యుడు మనకు ఫిబ్రవరి సాయంత్రాల్లో దక్షిణాన నిలబడతాడు. జూన్ మొదట్లో రాత్రిపూట ఇంకా కిందగా ఆల్ఫా సెంటారీ. సూర్యుడి తర్వాత మనకు అత్యంత సమీపంలో ఉన్న నక్షత్ర కుటుంబం అది, వెలుగుకు నాలుగేళ్ల నాలుగు నెలల పైచిలుకు ప్రయాణం. కంటికి ఒక్కటి, చిన్న దుర్భిణిలో రెండు. అది రెండని మొదట చూసిందెక్కడనుకున్నారు? మన పుదుచ్చేరిలో. 1689 డిసెంబరులో ఒక తోకచుక్కను చూస్తూ ఫాదర్ రిషో అనే ఫ్రెంచి పాదిరీ గమనించాడు. ఆ జంట ఒకదాని చుట్టూ ఒకటి తిరగడానికి ఎనభై ఏళ్లు పడుతుంది. 2016 ప్రాంతంలో మనకు బాగా దగ్గరగా కనిపించాయి, ఇప్పుడు మళ్లీ ఎడమవుతున్నాయి. అంటే చిన్న దుర్భిణులకు మంచిరోజులు.

సముద్రం పక్కన ఉండేవాళ్లకు ఒక జాగ్రత్త. ఉప్పుగాలి అద్దం మీది పూతను తినేస్తుంది, తేమకు బూజు పడుతుంది. వాడగానే మూత పెట్టి, చెమ్మ పీల్చే సిలికా పొట్లాలు వేసి ఉంచండి. అద్దం మీద దుమ్ము పడిందని పంచెకొంగుతో తుడవకండి. దుమ్మున్న అద్దం పనిచేస్తుంది, గీతలుపడ్డ అద్దం పనిచేయదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, ఆశ పెట్టుకోవద్దు.

అన్నిటికన్నా ముఖ్యమైనది, దయచేసి పిల్లలున్నవాళ్లు వినండి. సూర్యుడి వైపు దుర్భిణి ఎన్నడూ తిప్పకూడదు. రెప్పపాటులో కన్ను పోతుంది, నొప్పి కూడా తెలియదు. కొన్ని చవక టెలిస్కోపులతో ఐపీసుకు బిగించే చిన్న నల్లద్దం ఇస్తారు, సూర్యుణ్ణి చూడొచ్చంటూ. ఆ వేడికి అది పగులుతుంది. ఇంటికి రాగానే దాన్ని సుత్తితో కొట్టి పారేయండి. నా మొదటి టెలిస్కోపుతో వచ్చినదాన్ని నేనదే చేశాను. పగలు దుర్భిణిని మేడ మీద వదిలి రాకండి.

చివరగా అరుంధతి. మన పెళ్లిళ్లలో పురోహితుడు పట్టపగలు వేలు పైకి చూపిస్తాడు, వధూవరులు కనబడిందని తల ఊపుతారు. నేనూ ఊపాను. పెళ్లైన ముప్పై ఒక్క ఏళ్లకు మేడ మీద మా ఆవిణ్ణి కూర్చోబెట్టి అసలు అరుంధతిని చూపించాను. సప్తర్షుల తోకలో నడిమి చుక్క వసిష్ఠుడు, ఆనుకుని చిన్నగా అరుంధతి. మంచి కళ్లుంటే దుర్భిణి లేకుండానే రెండుగా కనబడతాయి. దుర్భిణిలో వసిష్ఠుడే రెండుగా విడిపోతాడు. ఆపైన పరికరాలకు మాత్రమే తెలిసే జోడీలు కలుపుకుంటే అక్కడ మొత్తం ఆరు నక్షత్రాలున్నాయి. "ఇంత ఉమ్మడి కుటుంబాన్ని చూపించి మొగుడూపెళ్లామంటారా" అంది మా ఆవిడ. పెట్టె కదల్లేదు. తను చాలాసేపు చూసింది.

మే నెలాఖరున, మబ్బులేని రాత్రి, సుమారు తొమ్మిది గంటలకు మేడ ఎక్కండి. ఉత్తరం వైపు తిరిగితే సగం ఎత్తులో వసిష్ఠుడూ అరుంధతీ. అక్కడినుంచి నడినెత్తి మీదుగా తల వెనక్కి వంచుతూ దక్షిణానికి తిరగండి, చిత్తా నక్షత్రం. ఇంకా కిందికి, మూడోవంతు ఎత్తులో, బైనాక్యులరుకు మసక ఉండలా అందే ఒమేగా సెంటారీ, లక్షల నక్షత్రాల గుంపు. మూడూ ఇంచుమించు ఒకే వేళకు ఒకే గీత మీదికి వస్తాయి. నుంగంబాక్కంలో ఆ రాతిస్తంభం మీది దుర్భిణి కాపలా కాసిన గీత అదే.